ఇరవై మూడో పాఠం

నా భార్య తన కడుపులోని మాట నాతో చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని పరదేశులకు చెప్పింది. వాళ్లు దాన్ని బట్టీ పట్టారు. ఇందులో వాదించడానికేమీ లేదు.

నేను వడ్రంగిని. ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. ఆ తరవాత నా చదువంతా చెక్కతోనే. చెక్క దాచుకోదు. పగులుంటే చూపిస్తుంది.

ఆ ఏడాది వానలు ముందే దిగాయి. మా వీధి చివర పాత గోదాములో మన భాషను పరదేశులకు నేర్పే సంస్థ ఒకటి ఉండేది. కింద తరగతులు. పైన పాఠాలు తయారుచేసేవాళ్లు. ఒకామె రోజంతా బొమ్మల అట్టలు కత్తిరించేది. ఇద్దరు కుర్రాళ్లలాంటి పెద్దమనుషులు, పరదేశి నాలుక మన మాటల్లో ఎక్కడ తట్టుకుంటుందో విని రాసుకునేవాళ్లు. వాళ్లందరి మీదా ఒక పరిశోధకుడు. మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు వేలాడుతుండేవి. స్నానానికి కూడా తీయడేమోనని నా భార్య అనేది. ఆయనకు చెవులాయన అని పేరు పెట్టింది కూడా ఆమే.

గోదాముకు రేకుల కప్పు. వాన పడితే మైకులో గులకరాళ్లు కురిసినట్టుందని, గది లోపల ఇంకో గది కట్టిపెట్టమని చెవులాయన నన్ను పిలిచాడు. కట్టాను. రెండు వరసల చెక్క, మధ్యలో దూది కూరి, లోపలి గోడలకు కంబళి కొట్టాను. కిటికీకి రెండు అద్దాలు. తలుపు జానెడు మందం. పని అయ్యాక నేను లోపల నిలబడి, చెక్క దుంగ మీద సుత్తితో శక్తికొద్దీ బాదాను. బయట చెవి ఆనించి నిలబడ్డ ఆయనకు ఏమీ వినిపించలేదు. అంత బాగా కుదిరిన పని నా చేతుల మీద ఇంకోటి జరగలేదు.

గది సిద్ధమైంది గానీ గొంతు దొరకలేదు. వార్తలు చదివే ఆమెను తెచ్చారు. కాలేజీ పంతులును తెచ్చారు. అందరూ చదువుతున్నట్టే మాట్లాడుతున్నారని చెవులాయన తల పట్టుకున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం నా భార్య క్యారేజీ తీసుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, "ఏమండీ, చల్లారిపోతుంది. చేతులు కడుక్కోండి" అంది.

చెవులాయన కుర్చీలోంచి లేచాడు.

"అమ్మా, ఆ మాట ఇంకోసారి అనండి."

"అన్నం తినమని రెండేసి సార్లు చెప్పించుకునే మనిషి మా ఇంట్లో ఒకరున్నారు. ఇప్పుడు మీరు రెండోవారా?" అంది ఆమె.

ఆయన నవ్వలేదు. ఆమె మాట ఆగిన చోట చెయ్యి గాల్లో అలాగే పెట్టి వింటున్నాడు. నాకు అప్పుడే నచ్చలేదు.

మర్నాటి నుంచి ఆమె పొద్దున ఆ గదిలోకి వెళ్లి మధ్యాహ్నం దాకా కూర్చునేది. పద్ధతి ఇది. ఆమె ఒక మాట అంటుంది. ఆ తరవాత అంతే సేపు ఏమీ అనకుండా ఆగుతుంది. దాన్ని వాళ్లు ఖాళీ అంటారు. టేపు విని నేర్చుకునేవాడు ఆ ఖాళీలో కళ్లు మూసుకుని ఆ మాటను తిరిగి పలకాలి. చెవులాయన పరిశోధన అంతా ఆ ఖాళీ మీదే. మనిషి ముందు మాట నేర్చుకోడట, ఊపిరి నేర్చుకుంటాడట. అందుకని మాట ఒక్కటే కాదు, ఎక్కడ గుక్క తిప్పుకుంది, ఎక్కడ నిట్టూర్చింది, అన్నీ ఉన్నదున్నట్టు పట్టుకోవాలి. చెవిన పడింది ఏదైనా సరే అలాగే తిరిగి అనాలి, అర్థం తరవాత చూసుకోవచ్చు. అందుకే టేపులో ఒక్క ముక్క కూడా కోయడు. మిగతా సంస్థలవాళ్లు కోసి అతికించి భాషను చంపేస్తున్నారని ఆయన బాధ.

"మరి తుమ్మితే?" అని అడిగాను నేను.

"తుమ్మూ భాషే మేస్త్రీ" అన్నాడు.

మొదట్లో ఇంట్లో నవ్వుకున్నాం. నిజమే, ఒప్పుకుంటాను. "ఇది బల్ల. ఇది కుర్చీ. ఇది కుర్చీ కాదు, బల్ల" అని ఆమె కూర తరుగుతూ పాఠం చెప్పేది. "ముప్పై ఏళ్లుగా చేస్తున్నాను, నాకు తెలియదా ఏది బల్లో" అనేవాణ్ని. అయితే పదిరోజులకు ఆమెకొక అలవాటు పట్టుకుంది. ఏదైనా అని ఆగిపోయేది. "వాన మళ్లీ వచ్చేట్టుంది" అని, నా మొహంలోకి చూస్తూ నిలబడేది. నేను పళ్లెం వంక చూసుకునేవాణ్ని. అంతసేపు ఆగి, పక్కకు తిరిగి తన పని చూసుకునేది.

"ఏమిటలా చూస్తావు?" అని ఒకసారి అడిగాను.

"ఏం లేదు. ఖాళీ వదిలాను."

తరవాత సాయంత్రాలు గొంతు దాచుకోమన్నారట, ఇంట్లో మాట్లాడటమే తగ్గించింది. రెండు వీధుల అవతల బట్టలు కుట్టే మా మరదలు ఒకరోజు వచ్చి, అరగంట కూర్చుని, ఈ ఇంట్లో గోడ గడియారమే నయం, అదైనా గంటకోసారి నోరు విప్పుతుందని అనేసి వెళ్లింది. నేను పట్టించుకోలేదు. నాకు మాటల ఆకలి ఎప్పుడూ లేదు.

దగ్గు సంగతి కూడా చెప్పాలి. ఆమె దగ్గేది. పెద్దదేం కాదు, మాట చివర చిన్నగా, తలుపు మీద వేలితో ఒకసారి తట్టినట్టు. వడ్రంగి ఇంట్లో దగ్గని వాళ్లు ఎవరు? నేనూ దగ్గుతాను. రంపపు పొట్టు దగ్గు అంది ఆమె. పొట్టు దగ్గే అనుకున్నాను. కిటికీకి గుడ్డ కట్టాను. అంతకన్నా ఏం చేస్తారు?

నడి వానాకాలంలో ఒకరోజు రికార్డింగు గది తలుపు బందు ఒకటి వదులైందని కబురొస్తే వెళ్లాను. లోపల ఆమె మైకు ముందు కూర్చుని ఉంది. కిటికీ ఇవతల చెవులాయన. పాఠం నంబరు వేసే పలక అద్దానికి ఆనించి పెట్టాడు. ఆ పలకకు చట్రం నేనే కొట్టాను. దాని మీద సుద్దతో 23 అని ఉంది.

చెవులాయన తన చెవుల మీద ఉన్న హెడ్‌ఫోన్లు తీసి నా వైపు చాపాడు.

"వింటారా మేస్త్రీ? మీ ఆవిడ ఇవాళ అదరగొడుతున్నారు."

"నాకెందుకండీ. ఇంట్లో వినేదేగా" అన్నాను.

ఆయన మళ్లీ పెట్టుకుని, తన మైకులో ఏదో అడిగాడు. అద్దం అవతల ఆమె పెదవులు కదిలాయి. ఏమీ వినిపించలేదు. నేను కట్టిన గది కదా. ఆయన అడుగుతున్నాడు, ఆమె చిన్న చిన్న జవాబులు ఇస్తోంది. కాగితం చూడటం లేదు. నా వంకే చూస్తోంది. ఆఖరి జవాబు అయ్యాక కూడా చూపు తిప్పలేదు. నేను వేలితో ఆకాశం వైపు చూపించి, వాన ముదురుతోంది, తొందరగా కానిమ్మని సైగ చేశాను. ఆమె సరేనన్నట్టు తల ఊపింది.

చెవులాయన రెండు చేతులూ ఎత్తి గాల్లో చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లూ ఆమెకు వినిపించి ఉండవు.

పాఠాలు నలభై దాకా వెళ్లాయి. నలభయ్యో పాఠం అయిన నాలుగోనాడు, పొద్దున పూట, వంటింట్లో నీళ్ల బిందె దించుతూ కూలబడింది. ఆసుపత్రిలో ఏడు రోజులు. ఊపిరితిత్తిలో గడ్డ, ఎప్పటినుంచో ఉందన్నాడు డాక్టరు. ఎన్నాళ్ల నుంచి నొప్పి అని నన్ను అడిగాడు. నొప్పి లేదన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు. ఒక నెల ముందు తెచ్చినా చేతిలో ఉండేదన్నాడు. ఆ ఏడు రోజులూ ఆమె మూతికి గొట్టం ఉంది. మాట లేదు. ఏడో రోజు అది కూడా తీసేశారు.

చెవులాయన వచ్చి గుమ్మం బయట నిలబడి వెళ్లాడు. లోపలికి రమ్మని నేను అనలేదు.

ఆమె పోయిన పదకొండో రోజు అనుకుంటాను, వాన కాస్త తెరిపిచ్చింది. నేను కొట్లో గుమ్మానికి వీపు పెట్టి బల్ల కోడు చిత్రిక పడుతున్నాను. మరదలు నాకు కాఫీ తెచ్చి, పెట్టడానికి చోటు వెతుకుతోంది.

"ఏమండీ, ఉన్నారా?"

నా చెయ్యి ఆగిపోయింది. ఆ గొంతు నాకు తెలుసు. 'ఉ' దగ్గర కొంచెం పైకి లేచి, చివర కిందికి దిగడం తెలుసు. దాని వెనకే చిన్న దగ్గు. తలుపు మీద వేలితో తట్టినట్టు.

తిరిగి చూశాను. తాటిచెట్టంత పొడుగు పరదేశి అమ్మాయి, పాతికేళ్లుంటాయి. చేతిలో విరిగిన స్టూలు.

"ఈ కాలు విరిగింది" అని, దగ్గింది. "రేపటికి అవుతుందా?" అని, మళ్లీ దగ్గింది. దగ్గినప్పుడల్లా గుక్క కూడా అక్కడే తిప్పుకుంటోంది, నా భార్య తిప్పుకున్న చోటే.

వెనక గ్లాసు కింద పడిన చప్పుడైంది.

"దగ్గు ఉందా నీకు?" అని అడిగాను.

ఆ పిల్లకు ప్రశ్న అర్థం కాలేదు. ఆలోచించి, ఎక్కడో పాఠంలోంచి తీసి, "నేను బాగున్నాను. మీరు బాగున్నారా?" అంది. దగ్గింది. ఆరోగ్యంగా, గుండ్రాయిలా ఉంది. ఆ దగ్గు ఆ పిల్లది కాదు. ఆ దగ్గు మాటలో భాగమనుకుంటోంది. మన వాళ్లందరూ మాట చివర అలా ఒకసారి తడతారనుకుంటోంది.

స్టూలు తీసుకున్నాను. ఆ పిల్ల వెళ్లాక మరదలు నేల మీద కాఫీ తుడవకుండా అలాగే కూర్చుంది.

"బావా, అది అక్కే కదూ" అంది.

"పరదేశి పిల్ల. టేపు విని నేర్చుకుంది."

"అది కాదు నేనడిగేది."

నేను చిత్రిక తీసుకున్నాను.  ఆ వారమంతా వీధిలో టేపు విన్న పరదేశులు ఎదురవుతూనే ఉన్నారు. పాల దుకాణం దగ్గర ఒకడు, గడ్డం వాడు, చిల్లర అడుగుతూ నా భార్యలా నిట్టూర్చాడు. బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు, వాన మళ్లీ వచ్చేట్టుందని ఒకరితో ఒకరు అనుకుని, ఒకరి మొహంలోకి ఒకరు చూస్తూ ఆగారు. ఆమె నా మొహంలోకి చూసినట్టే. ఇద్దరిలో రెండోవాడు ఆ మాటే తిరిగి అన్నాడు. అప్పుడు మొదటివాడు సంతోషంగా తల ఊపాడు. నేను రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్లిపోయాను.

పంతొమ్మిదో రోజు సంస్థ నుంచి కబురొచ్చింది. కింద తరగతి తలుపు వానకు ఉబ్బి మూసుకోవడం లేదట. వెళ్లకూడదనుకున్నాను. నేను బిగించిన తలుపు ఇంకొకడు చెక్కడం ఇష్టం లేక వెళ్లాను.

నేను వెళ్లేసరికి పాఠం మొదలైపోయింది. అది అయ్యేదాకా చప్పుడు చేయొద్దని పాఠం చెప్పే ఆమె సైగ చేసింది. చిత్రిక ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చున్నాను. లోపల పన్నెండు మంది. పొడుగు పిల్ల ముందు వరసలో ఉంది, నేను బాగుచేసిన స్టూలు మీద. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. బల్ల మీద స్పీకరు. దాని పక్కన పలక. పలక మీద 23.

నేను ఆ టేపులు అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. మొదట చెవులాయన గొంతు వచ్చింది. డాక్టరులా గంభీరంగా పెట్టాడు.

"ఏమిటమ్మా బాధ?"

"ఎడమవైపు నొప్పి. దగ్గితే ఎక్కువవుతుంది." నా భార్య.

ఖాళీ. పన్నెండు నోళ్లు ఒక్కసారి, "ఎడమవైపు నొప్పి. దగ్గితే ఎక్కువవుతుంది."

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడు నెలలు." దగ్గు.

"మూడు నెలలు." పన్నెండు దగ్గులు. ఒకే చోట, ఒకేలా.

"ఇంట్లో చెప్పారా?"

"లేదు."

"లేదు."

"ఎందుకు చెప్పలేదు?"

ఇక్కడ ఆమె కొంచెం ఆగింది. టేపు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆ ఆగడం నాకు తెలుసు. అప్పుడే నేను అద్దం ఇవతల నిలబడి ఉన్నాను.

"మా ఆయన అడగలేదు." దగ్గు.

"మా ఆయన అడగలేదు" అన్నారు పన్నెండు మందీ. మగవాళ్లు కూడా. పన్నెండు దగ్గులు.

ఆ తరవాత టేపులో ఎవరూ మాట్లాడలేదు. అది మామూలు ఖాళీ కన్నా పొడుగైంది. నేను వేలితో ఆకాశం చూపించిన ఖాళీ అది. ఆమె తల ఊపిన ఖాళీ. స్పీకరులోంచి వాన కూడా వినిపించడం లేదు. గది అంత బాగా కట్టాను.

నేను ఏమీ అనదలుచుకోలేదు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"నాతో చెప్పొచ్చుగా" అన్నాను.

పన్నెండు మంది కళ్లు తెరవలేదు. చెవిన పడింది కదా. గుక్క తిప్పుకుని, ఆమె గొంతులో, ఆమె తిప్పుకున్నట్టే తిప్పుకుని, అందరూ కలిసి నన్ను అడిగారు.

"నాతో చెప్పొచ్చుగా."

చివర దగ్గు.

ఆగారు. ఖాళీ వదిలి ఎదురుచూశారు.

చిత్రిక ఒళ్లోంచి జారి గడప మీద పడింది. పాఠం చెప్పే ఆమె గబగబా టేపు ఆపింది. నేను చిత్రిక ఏరుకుని, తలుపు అంచుకు రెండు పట్లు పట్టి, మూసి చూశాను. మూసుకుంది. నేను బయట ఉన్నాను.

చెవులాయన మెట్లు దిగి వచ్చాడు. ఎవరో చెప్పి ఉంటారు. వరండాలో నా ఎదురుగా నిలబడి, హెడ్‌ఫోన్లు మెడలోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. మెడ బోసిగా, కోడిమెడలా ఉంది.

"నటించారనుకున్నాను మేస్త్రీ. రోగి పాత్ర, సొంత మాటల్లో చెప్పమన్నాను. అంత సహజంగా ఎవరూ..."

"రోజూ ఆమె ఊపిరి విన్నావు కదా. చెవులు దేనికి పెట్టుకున్నావు?"

అంతకు ముందు నేను ఆయన్ని మీరు అనేవాణ్ని.

ఆయన చేతిలోని హెడ్‌ఫోన్ల వంక చూసుకున్నాడు. తరవాత చిన్నగా, "ఆ రోజు మీకూ ఇచ్చాను" అన్నాడు. అనగానే అనకుండా ఉండాల్సిందన్నట్టు తల దించుకున్నాడు. అన్న మాట అన్నదే. దాన్ని నేను క్షమించలేదు. నిజమైనంత మాత్రాన క్షమించాలని ఎక్కడా లేదు.

టేపు తీసేయమన్నాను. తీసేస్తానన్నాడు. కానీ నకళ్లు అప్పటికే పదకొండు చోట్లకు వెళ్లిపోయాయట. ఈ విధానం బాగా పనిచేస్తోందని అన్ని చోట్ల నుంచీ ఉత్తరాలు వస్తున్నాయట. అసలు టేపు నాకు ఇస్తానన్నాడు. ఒక డబ్బాలో పెట్టి, ఆ సాయంత్రమే మరదలి చేత పంపించాడు కూడా. డబ్బాకు మూత సరిగ్గా కుదరలేదు. నేను సరిచేసి, మేకులు కొట్టి, అటక మీద పెట్టాను. వినడానికి కాదు. ఇంకెవరూ వినకుండా.

ఆ నెలాఖరుకు వానలు వెనక్కి తగ్గాయి. ఆ పన్నెండు మందీ ఎవరి దేశాలకు వాళ్లు వెళ్లిపోయారు. వెళ్లే ముందు పొడుగు పిల్ల కొట్టు దగ్గరకొచ్చింది. "వెళ్లొస్తానండీ" అంది. దగ్గింది. నా మొహంలోకి చూస్తూ ఆగింది. తిరిగి అంటానేమోనని. నేను చెక్క వంక చూసుకున్నాను. అంతసేపు ఆగి, వెళ్లిపోయింది. వాళ్లలో నలుగురు అక్కడ మన భాష పాఠాలు చెబుతున్నారట. టేపు అక్కర్లేకుండానే చెబుతున్నారట. అంటే ఎక్కడో, నేను పేరు కూడా పలకలేని ఊళ్లలో, ఎవరెవరో మాట చివర ఆమెలా దగ్గుతూ ఉంటారు. నొప్పి లేకుండా.

సంస్థవాళ్లు ఇంకో గది కట్టమని మళ్లీ అడిగారు. ఆ వీధిలో ఇంకొక వడ్రంగి ఉన్నాడని చెప్పాను.

మరదలు ఇప్పటికీ వస్తుంది. ఆ రోజు తరగతిలో ఏమైంది బావా అని అడిగి, కాఫీ నా ముందు పెట్టి, నా మొహం వంక చూస్తూ కూర్చుంటుంది. తలుపు ఉబ్బింది, చెక్కి వచ్చానని చెప్పాను. అది అబద్ధం కాదు. మిగిలినది ఇక్కడ రాశాను. నోటితో అనలేదు, అనను. ఎవరు అడిగినా, అడిగి ఎంతసేపు ఆగినా, నేను పలకను.